ఎల్లలు చెప్పని దానము

మా పెదతండ్రిగారు నలువది యేండ్లు గోదావరీమండలమున నూరూరు దిరిగి, ఎవరి పెరటిలో నేమి బయటపడినదన్నను పరుగున బోయి, కూర్చిన తాటియాకు కట్టలను, శాసనముల అచ్చులను, నాణెములను, మా యూరి గ్రంథాలయమువారు క్రొత్తగా నేర్పఱచిన చిన్న ప్రదర్శనశాలకు నేను ధారపోసి నేటికి నెల యైనది. చెదలు ద్రోవ గనుగొనక మునుపే వానిని భద్రమైన చోటికి జేర్చితినను తృప్తి కలదు. కాని బండి కదలినప్పుడు నా మనస్సు కలగిన మాట దాచను.

దానము చేయువాడు నీళ్లు విడుచుచు "న మమ" యనును. ఇది నాది కాదని దాని యర్థము. ఆ పెట్టెలు నిజమునకు నావి యెన్నడును గావు, పెదతండ్రిగారివియు గావు, ఊళ్లవి; కావున ఆ మాట పలుకుట నాకు కష్టము కాలేదు. నన్ను గలచినది వేఱు.

పట్టిక వ్రాయుటకు గూర్చున్ననాడు, ఒక బిస్కట్టు డబ్బాలో, పాత పంచాంగపు కాగితమున జుట్టిన రాగినాణెము గనబడినది. చెఱువు పూడిక తీయునప్పుడు తూముప్రక్కను దొరకినదనియు, తెచ్చి యిచ్చినది యొక పాలికాపు భార్య యనియు ఆ కాగితముపై పెదతండ్రిగారి గొలుసుకట్టు వ్రాతలో నున్నది. దాని క్రిందనే మఱియొక నాణెము, అంతకంటె తేటగా ముద్ర పడినది. దానికి నొక్క యక్షరమైనను తోడు లేదు. మొదటిదానిని చేతబట్టినంతనే చెఱువును, తూమును, ఎండలో పలుగుబట్టిన కూలివాండ్రును కన్నులకు గట్టుదురు, రెండవది రాగిబిళ్ల. పెదతండ్రిగారి ప్రక్కను గూర్చుండి యడుగదగిన దినములు నాకు వందలుండెను, అడుగనైతిని.

తూర్పుచాళుక్యుల భూదానపు రాగిరేకులను జూచినవారికి, రేకులను గ్రుచ్చిన కడియమును, దానిపై 'శ్రీ త్రిభువనాంకుశ' యను ముద్రయు, వంశవర్ణనయు మనస్సున నిలుచును. నాకు మాత్రము నాటినుండి వానిలో ననర్ఘమైన భాగము ఎల్లలు చెప్పు చోటు. తూర్పున నేది, దక్షిణమున నేది, ఏ చింతమాను, ఏ పుట్ట, ఏ ఏటిగట్టు అని వ్రాయించిన రాజునకు, తరతరముల వెనుక బుట్టినవాడైనను నడచిపోయి యా భూమిని గుర్తింపవలెనను నాతురత యుండెను. ఊళ్ల వృత్తాంతములు సేకరింపజేసిన కర్నల్ మెకంజీ పక్షమున కావలి సోదరులును వారి సహాయకులును గ్రామకరణముల దండకవిలెలు చూచి, పెద్దలనడిగి, కైఫీయతులు కూర్చుటలో జూపిన శ్రద్ధయు నిట్టిదే. 1821లో మెకంజీ కలకత్తాలో మరణించెను. ఊళ్లలోని దండకవిలెలెన్నో నశించెను. ఊరిపేరుతో గూడ వ్రాసికొన్నందుననే యా కైఫీయతులు నేటికిని మన యూళ్ల చరిత్ర చెప్పుచున్నవి.

రాజమహేంద్రవరమున, 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని నెలకొల్పినవారిలో నొకరైన రాళ్లబండి సుబ్బారావుగారి పేర నున్న ప్రదర్శనశాలకు బోయినప్పుడెల్ల పెదతండ్రిగారు శిల్పముకంటె ముందు దాని చెంతనున్న చీటిని జదివెడివారు. చిన్నతనమున నది నాకు విసుగు గొలిపెడిది.

మీ యింట నిట్టి పెట్టె యుండి, దానిని సమకూర్చిన పెద్దలింకను సజీవులై యున్నచో, పెట్టెకంటె ముందు వారి మాటను వ్రాసికొనుడు. మా రెండవ నాణెము నేడు ప్రదర్శనశాలలో క్రింది యరలో నున్నది. "రాగి నాణెము, దొరకిన చోటు తెలియదు" అని చీటి నేనే వ్రాసితిని.