కొనేవాళ్ళ కోసం బాగుపడిన ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఇల్లు అమ్ముకోవడం చితికిపోయినవాళ్ళు చేసే పని అనే అభిప్రాయం చాలాకాలం మన ఊళ్ళలో ఉండేది. ఇప్పుడలా కాదు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, ఇంకా దూరంగానో స్థిరపడ్డాక చిన్న పట్టణాల్లోని పాత ఇళ్ళు ఒక్కొక్కటిగా అమ్మకానికి వస్తున్నాయి. అమ్మేముందు మరమ్మతులు చేయించి, రంగులు వేయించి, వంటింటి రూపు మార్చి నాలుగు డబ్బులు ఎక్కువ రాబట్టుకోవడం అందరూ చేస్తున్నదే. ఇందులో తప్పేముందని అడిగితే ఒక్కమాటలో జవాబు చెప్పలేను. కానీ ఈ పని లోపల మూడు ప్రశ్నలు దాగి ఉన్నాయి. ఇంట్లో ఎవరి సౌకర్యానికి విలువ ఉంటుంది? ఎవరి శ్రమ విలువలోకి రాకుండా పోతుంది? ఎవరి దగ్గర నిజం దాచినా ఫర్వాలేదనుకుంటాం? మూడూ స్త్రీల జీవితాలతో ముడిపడినవే. అందుకే ఈ విషయాన్ని బ్రోకర్లకీ మేస్త్రీలకీ వదిలెయ్యకుండా మనమూ మాట్లాడుకోవాలనిపిస్తోంది.

నాకు బాగా తెలిసిన ఇంటి సంగతే చెబుతాను. రాజమండ్రిలో మా నాన్న 1986లో కట్టించిన ఇల్లు అది. నాన్న పోయాక రెండేళ్ళకి, డెబ్భైయవ పడిలో పడ్డ అమ్మ అంత ఇంట్లో ఒక్కతినీ ఉండలేనంది. అన్నయ్యా నేనూ ఇద్దరం హైదరాబాదులోనే. అమ్మేద్దామని ముగ్గురం అనుకున్నాం. బ్రోకరు వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు. "స్థలానికి గజాల లెక్కన ధర పలుకుతుంది పిన్నిగారూ, ఈ పాత కట్టడానికి ఏం రాదు. ఒక ఆరు లక్షలు పెట్టి కాస్త ఈ కాలానికి తగ్గట్టు చేయించారనుకోండి, ఉండడానికి కొనేవాళ్ళొస్తారు. పెట్టినదానికి రెట్టింపు వస్తుంది" అన్నాడు. చేయించాల్సినవాటి జాబితా కూడా చెప్పాడు. వంటింట్లో గ్రానైటు గట్టు, పొగ పోవడానికి చిమ్నీ. పెరటి చివరనున్న దొడ్డికి బదులు పడగ్గదిని ఆనుకుని కమోడ్ ఉన్న బాత్‌రూము. నేలకి టైల్స్. హాల్లో ఫాల్స్ సీలింగ్. వీధివైపు ఎలివేషన్.

అమ్మ అంతా విని, "సీలింగూ ఎలివేషనూ తప్ప మిగతావన్నీ నేనడిగినవేగా" అంది.

నిజమే. మోకాళ్ళ నొప్పులు మొదలైన దగ్గర్నుంచీ, అంటే పదేళ్ళకి పైగా, ఆమె గదికి దగ్గరగా కమోడ్ కావాలని అడుగుతూనే ఉంది. రాత్రిపూట వర్షంలో పెరటి చివరి దాకా నడవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి మంచినీళ్ళు తాగడం మానేసేది. పోపు పెట్టినప్పుడల్లా దగ్గేది. అడిగిన ప్రతిసారీ ఒకటే జవాబు. ఈ పాత ఇంటికి ఇప్పుడంత ఖర్చెందుకు? ఈ జవాబు చెప్పిన మా నాన్న కఠినాత్ముడేమీ కాదు. అమ్మకి జ్వరం వస్తే కంగారుపడిపోయే మనిషి. డబ్బు లేకా కాదు. అమ్మకానికి ముందు మేం పెట్టిన ఆరు లక్షలూ బ్యాంకులో ఏళ్ళ తరబడి ఉన్న నాన్న ఫిక్సెడ్ డిపాజిట్‌లోవే.

అదే గట్టు, అదే చిమ్నీ, అదే కమోడ్. ఇంట్లో ఉంటున్న స్త్రీ అడిగితే అది ఖర్చు. ఎవరో తెలియని కొనుగోలుదారు అడగొచ్చునని ఊహిస్తే అది పెట్టుబడి. ఖర్చుకి సంజాయిషీ చెప్పుకోవాలి. పెట్టుబడికి అక్కర్లేదు, దానికి తెలివితేటలన్న పేరు కూడా వస్తుంది. రీసేల్ విలువ అనే మాట చాలా తటస్థంగా, లెక్కల పుస్తకంలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. కానీ మధ్యతరగతి కుటుంబంలో అది ఒక నైతిక తీర్పు. ఎవరి దేహానికి అయ్యే కష్టం డబ్బు ఖర్చుపెట్టడానికి తగిన కారణమో, ఎవరిది కాదో అది తేలుస్తుంది.

అన్నయ్యతో ఈ మాట అంటే, "డబ్బు తిరిగొచ్చేచోట పెడతాం, తిరిగిరానిచోట ఆలోచిస్తాం. ఇందులో ఆడా మగా ఏముంది?" అన్నాడు. ఆ వాదనని తేలిగ్గా కొట్టెయ్యలేం. పరిమితమైన ఆదాయంతో బతికే ఇళ్ళలో అలా ఆలోచించక తప్పదు. కానీ స్కూటరు కొన్నప్పుడు, నా పెళ్ళిలో విందు పెట్టినప్పుడు అది తిరిగొస్తుందా అని మా ఇంట్లో ఎవరూ అడిగినట్టు గుర్తులేదు. తిరిగి రావడమన్న సూత్రం వంటింటి దగ్గరా, దొడ్డి దగ్గరా మాత్రమే ఎందుకు అంత కచ్చితంగా అమలవుతుందో అన్నయ్య చెప్పలేకపోయాడు.

ఇక రెండో ప్రశ్న. ఆస్తి అమ్మినప్పుడు వచ్చిన లాభం మీద పన్ను కట్టాలి. ఆ లాభాన్ని లెక్కగట్టేటప్పుడు ఇంటిని అభివృద్ధి చేయడానికి పెట్టిన ఖర్చుని మినహాయించుకోవచ్చు. అయితే చట్టం దృష్టిలో అభివృద్ధి అంటే ఆస్తికి కొత్తగా చేర్చినది, లేదా దాన్ని శాశ్వతంగా మార్చినది. రోజువారీ నిర్వహణ ఆ లెక్కలోకి రాదు. మా అన్నయ్య బిల్లులన్నీ ఒక ఫైలులో పెడుతుంటే నాకు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. ముప్ఫై అయిదేళ్ళు ఆ ఇల్లు కూలిపోకుండా నిలబడిందంటే కారణం నిర్వహణే. డాబా మీద ఆకులు తూములకి అడ్డం పడకుండా ప్రతి వానకి ముందూ ఊడ్చింది అమ్మ. గోడల్లో మొలిచిన రావిమొక్కల్ని వేళ్ళతో సహా పీకింది అమ్మ. తలుపుల చెదలకి మందు పూసింది, ఏటా సంక్రాంతికి సున్నం కలిపింది అమ్మ. వీటికి బిల్లులు లేవు. చేర్చినదానికి విలువ, కాపాడినదానికి సున్నా. ఈ విభజన చాలావరకు పురుషుల పనికీ స్త్రీల పనికీ మధ్య ఉన్న విభజనే.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు దానికి రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. అంటే అయిదేళ్ళలో స్త్రీల పని ఒక్క పది నిమిషాలు తగ్గింది, పురుషులదీ దాదాపు అంతే తగ్గింది. భర్త సంపాదనతో కొన్న ఆస్తిలో భార్య ఇంటిచాకిరీ కూడా పెట్టుబడేననీ, అందువల్ల ఆమెకి సమాన వాటా ఉంటుందనీ 2023లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో అంది. మంచి మాట. కానీ మా ఇంటి విషయంలో అమ్మకి వచ్చింది మూడోవంతు. వీలునామా లేకుండా పోయిన హిందూ పురుషుడి స్వార్జితంలో 1956 వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుక్కీ, కూతురికీ తలో వాటా. అమ్మ ముప్ఫై అయిదేళ్ళు కాపాడిన ఇంట్లో ఆమెకెంత హక్కో, సెలవులకి వచ్చిపోయే నాకూ అంతే. ఆ మూడోవంతు కూడా నాన్న భార్యగా వచ్చిందే కానీ, ఇంటిని నిలబెట్టిన మనిషిగా రాలేదు.

పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథని మనం చాలాసార్లు చదివాం, పాఠాలు చెప్పాం. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు తానే మరిచిపోయిన ఇల్లాలి కథ అది. ఆ కథ గురించి మాట్లాడినప్పుడల్లా ఆ స్త్రీ పోగొట్టుకున్న పేరు గురించే మాట్లాడతాం. అలికిన ఇంటి సంగతేమిటి? ఆ ఇంటికి ఆ అలుకుడు వల్ల చేకూరిన విలువ ఎవరి పేరున జమ అయింది? ఆస్తి దస్తావేజులో ఆమె పేరు లేకపోవడానికీ, ఆమెకి తన పేరు గుర్తు రాకపోవడానికీ సంబంధం ఉందని ఇప్పుడనిపిస్తోంది.

పనులు మొదలయ్యాక మూడో ప్రశ్న ఎదురైంది. వెనక పడగ్గది గోడకి నడుమెత్తు దాకా చెమ్మ. ఆ గోడలో ఎప్పుడో వేసిన నీళ్ళ పైపు కారుతోందని మేస్త్రికి అనుమానం. తవ్వి పైపు మారిస్తే మరో అరవై వేలు. "చెమ్మ ఆపే పెయింటొకటి కొట్టి, పైన పుట్టీ పెట్టేద్దాం. రెండు వానాకాలాలు బయటపడదు. ఆ తరవాత మీకెందుకు?" అన్నాడు. అతని తప్పేమీ లేదు. అందరూ అడిగేదే అతను చెప్పాడు.

ఈ ప్రశ్న చాలా పాతది. క్రీస్తుపూర్వం 44లో రోమన్ రచయిత సిసిరో మనిషి కర్తవ్యాల గురించి రాసిన గ్రంథం మూడో భాగంలో అచ్చం ఇలాంటి ఇంటినే ఉదాహరణగా తీసుకున్నాడు. పడగ్గదుల్లోకి పురుగూ పుట్రా వస్తాయి, కలప మంచిది కాదు, ఇల్లు ఆరోగ్యానికి పనికిరాదు. ఇవి యజమానికి తప్ప ఎవరికీ తెలియవు. చెప్పకుండా అమ్మొచ్చా? కొనమని నిన్నెవరూ బలవంతం చెయ్యలేదుగా అంటాడు డయోజెనిస్. తెలిసీ చెప్పకపోవడం దారి తప్పినవాడికి దారి చూపనివాడి తప్పు కన్నా ఎక్కువ అంటాడు అతని శిష్యుడు ఆంటిపేటర్. సిసిరో శిష్యుడి పక్షాన నిలిచాడు. మన 1882 ఆస్తి బదలాయింపు చట్టం కూడా, వేరే ఒప్పందం లేకపోతే, మామూలు జాగ్రత్తతో కొనేవారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తెలిసుంటే అమ్మేవారు చెప్పి తీరాలంటుంది.

మన సంప్రదాయంలో దీనికి భిన్నమైన ధోరణి కూడా ఉంది. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఎక్కడెక్కడ అబద్ధమాడితే పాపం రాదో జాబితా చెబుతాడు. స్త్రీల విషయంలో, పెళ్ళిళ్ళ విషయంలో, ప్రాణం, ధనం, మానం పోయే సందర్భంలో. ఈ పద్యాన్ని చమత్కారంగా వల్లించే మగవాళ్ళని మనందరం చూశాం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్న సామెత కూడా ఈ కోవలోదే. పెళ్ళిచూపుల ముందు పిల్లకి పౌడరు రాసి లైటు వెలుగులో కూర్చోబెట్టిన ఇళ్ళకి, అమ్మకానికి ముందు గోడకి పుట్టీ పూయడం కొత్త విద్యేమీ కాదు. రెండుచోట్లా చూడ్డానికొచ్చి బేరమాడేది ఎక్కువగా మగవాళ్ళు. ఆ అబద్ధంతో కలిసి బతకాల్సింది స్త్రీ.

సిసిరో నుంచి శుక్రాచార్యుడి దాకా అందరూ అమ్మేవాడూ కొనేవాడూ అనే ఇద్దర్నే చూశారు. చెమ్మ గదిలో రోజంతా ఉండేదెవరు? బీరువాలోని బట్టల్ని వారానికోసారి ఎండలో వేసేదెవరు? బూజు వాసనకి ఉబ్బసం వచ్చిన పిల్లాణ్ణి రాత్రంతా ఒళ్ళో వేసుకుని కూర్చునేదెవరు? దస్తావేజు మీద సంతకం చెయ్యని ఆ మూడో మనిషి గురించి ఆలోచిస్తే పుట్టీ వెయ్యాలా వద్దా అన్న ప్రశ్న తేలిగ్గానే తేలిపోతుంది. మరమ్మతు వేరు, అలంకారం వేరు, దాచడం వేరు. మొదటిది అవసరం, రెండోది అభిరుచి, మూడోది రాబోయే స్త్రీ మీద మోపే పని. మనం పొందే అదనపు ధరలో కొంత ఆమె చెయ్యబోయే చాకిరీ నుంచి ముందుగా వసూలు చేసుకున్నదే.

ఫాల్స్ సీలింగ్ మానేసి ఆ డబ్బుతో గోడ తవ్విద్దామంది అమ్మ. "నా వాటా నాకుందిగా, నా మాట కూడా లెక్కపెట్టండి" అంది. ఆ ఇంట్లో ఖర్చు గురించి అమ్మ అలా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. గోడ తవ్వాక మేస్త్రి అనుమానం నిజమే అయింది. పగిలిన పెళ్ళల్ని తట్టలకెత్తి వీధిలోకి మోసింది ఇద్దరు స్త్రీలు. మేస్త్రి పక్కన తాపీ పట్టుకుని నిలబడ్డ కుర్రాడి కన్నా వాళ్ళ కూలి తక్కువ. ఇంటి అభివృద్ధి లెక్కలో వాళ్ళ పేరున చేరింది ఆ తక్కువ కూలే. పైపు మార్చిన సంగతీ, గోడ పూర్తిగా ఆరడానికి ఇంకో ఎండాకాలం పడుతుందన్న సంగతీ చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ చెప్పాం. ఒకాయన దాన్నే పట్టుకుని ధర తగ్గించమన్నాడు, మేం తగ్గించలేదు, ఆయన వెళ్ళిపోయాడు. ఇంకో కుటుంబం కొనుక్కుంది. బ్రోకరు చెప్పిన రెట్టింపు మాత్రం రాలేదు.

ఇల్లు అప్పజెప్పడానికి ముందు నాలుగు నెలలు అమ్మ ఆ కొత్త వంటింట్లో వండుకుంది, ఆ కొత్త బాత్‌రూము వాడుకుంది. సాయంత్రాలు మళ్ళీ మంచినీళ్ళు తాగడం మొదలుపెట్టింది. "వచ్చేవాళ్ళయినా సుఖపడతారు" అంది ఒకరోజు. ఈ మాటని త్యాగమనీ, మాతృహృదయమనీ మెచ్చుకోవడం చాలా సులువు. నాకు మెచ్చుకోవాలని లేదు. ఆ నాలుగు నెలల సుఖం పదేళ్ళ కిందటే రావాల్సింది.

ఇది చదువుతున్న మీలో చాలామందికి అమ్మలో, అత్తగార్లో ఇప్పటికీ పాత ఇళ్ళలో ఉన్నారని తెలుసు. ఆ ఇళ్ళు ఏదో ఒకరోజు అమ్మకానికి వస్తాయనీ తెలుసు. అప్పుడు చేయించబోయే పనుల జాబితా ఇవాళే రాసి, అందులో వాళ్ళు ఇదివరకే అడిగినవెన్ని ఉన్నాయో చూడండి. వాటిని ఈ వానాకాలం లోపలే చేయించడానికి అడ్డమేమిటో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.