పండుగ మూట, కరువు మూట

ధ్యాన వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 14:22-29



డబ్బును గూర్చి ప్రసంగించుట అంటే మన సంఘాలలో సాధారణంగా కానుకను గూర్చి ప్రసంగించుటే. దశమభాగపు ఆదివారం ఒకసారి, కృతజ్ఞతార్పణల పండుగకు ఒకసారి కాపరి వేదిక ఎక్కి ఇయ్యండి అంటాడు. మిగిలిన తొమ్మిది భాగాల సంగతి ఎవరూ అడుగరు. నేనూ చాలా సంవత్సరాలు అడుగలేదు. రెండు మరణాలు చూచిన తరువాత అడుగవలసి వచ్చినది.

మొదటి వాడు కట్టడపు పనికి పోయే సహోదరుడు. మంచివాడు, నవ్వుముఖం. క్రిస్మస్ వచ్చిందంటే ఇంటిల్లిపాదికి కొత్తబట్టలు, వచ్చిన వారందరికీ బిరియానీ. ఒక రాత్రి గుండెనొప్పితో ప్రభువు నొద్దకు వెళ్ళాడు. తెల్లవారి మేము ఇంటికి చేరేసరికే ఆ సహోదరి పెద్దకొడుకును వడ్డీ వ్యాపారి ఇంటికి పంపియున్నది. శవపేటికకు, సమాధి ఖర్చులకు పదివేలు కావాలి. నూటికి పది వడ్డీ. ఆదివారం సంఘంలో చందా పోగుచేసి ఇచ్చాము గాని, అప్పటికే నోటు మీద వేలిముద్ర పడినది.

రెండవ వాడు ఆఫీసులో అటెండరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన ట్రంకుపెట్టె అడుగున నాలుగు పాసుపుస్తకాలు దొరికినవి. భార్యకు అవి ఉన్నట్లే తెలియదు. ఆమె వాటిని నా చేతిలో పెట్టి, "అయ్యగారూ, పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు ఒక్కసారి సముద్రం చూపించమన్నాను. వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్నారు. ఇప్పుడు వాళ్ళ పిల్లలకే పెళ్ళి వయసు" అన్నది. ఆమె ఏడ్వలేదు. అందుకే ఆ మాట నన్ను ఎక్కువగా బాధించినది.

ఒక ఇంట్లో సంతోషానికి కొదువ లేదు, పెట్టెకు డబ్బు లేదు. ఇంకొక ఇంట్లో డబ్బున్నది, సంతోషం వచ్చే ఏటికి వాయిదా పడినది. ఈ ఇద్దరిలో ఎవరు వాక్యానుసారముగా నడిచారు? మొదటివాడు ఔదార్యము గలవాడనీ, రెండవవాడు చీమ వద్ద బుద్ధి నేర్చుకొన్నవాడనీ చెప్పి తప్పించుకొనవచ్చును. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయము అలా తప్పించుకోనియ్యదు.

అక్కడ మోషే చెప్పినదేమి? ఏటేట పొలము పంటలో పదియవ భాగము ప్రక్కన పెట్టాలి. దానిని ఏమి చేయాలి? యెహోవా ఏర్పరచుకొన్న స్థలమునకు తీసుకొనిపోయి, ఆయన సన్నిధిని కుటుంబమంతా కూర్చుండి తినాలి. దారి దూరమైతే పంటను సొమ్ముగా మార్చుకొని, ఆ సొమ్ముతో అక్కడికి వెళ్ళి, మనసు కోరినవి కొనుక్కొని తిని సంతోషించాలి. లేవీయుని మరువకూడదు. మూడవ ఏట మాత్రం ఆ భాగము ఊరి గుమ్మములలోనే నిలువ చేయాలి. లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు దానిని తిని తృప్తిపొందాలి. (సంఖ్యాకాండము 18లో పదియవ వంతు లేవీయులకు చెప్పబడినది గదా, రెండూ ఎలా పొసగుతాయి అని మన డీకను ఒకరు అడిగారు. పండితులు పలువిధాలుగా చెప్పారు. నేను అందులోకి పోను.)

ఆ భాగములో ద్రాక్షారసము, మద్యము మాట కూడా ఉన్నది. దానిని చూచి ముసిముసిగా నవ్వే సహోదరులకు ఒక్క లెక్క చెప్పుదును: రోజుకు నూరు రూపాయల సీసా సంవత్సరానికి 36,500 రూపాయలు. ఇశ్రాయేలీయుడు భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని దేవుని ఎదుట త్రాగినది వేరు, ఇది వేరు. ఇక ముందుకు పోదాము.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరచినది ఇది. పండుగ ఖర్చు పంట ఇంటికి వచ్చిన నాడే ప్రక్కన పెట్టబడినది. పండుగ కోసం ఎవరూ అప్పు చేయలేదు. సంతోషమును కూడా దేవుడు ముందుగానే కూడబెట్టమన్నాడు. పొదుపు అంటే సంతోషమును చంపుకొనుట అని మనము అనుకొంటాము. ఈ వాక్యములో సంతోషము కోసమే పొదుపు. అంతేకాదు, పండుగకు పోయే చేయి, ఆకలిగొన్న వానికి నిలువచేసే చేయి ఒకటే. ఏ ఇంట్లోనైనా రెండు మూటలు ఉండాలి: ఒకటి పండుగ మూట, ఒకటి కరువు మూట. మన మొదటి సహోదరునికి రెండవ మూట లేదు. రెండవవానికి మొదటిది లేదు.

అలాగైతే లూకా 12లోని ధనవంతుడు కొట్లు కట్టినందుకే వెఱ్ఱివాడయ్యాడు గదా అంటారేమో. యోసేపు కూడా కొట్లు కట్టాడు. ఆదికాండము 41లో సమృద్ధియైన ఏడు సంవత్సరాలలో పంటలో అయిదవ భాగము తీయించి ఐగుప్తు పట్టణాలలో నిలువచేయించాడు. దేవుడు అతనిని గద్దించలేదు. తేడా కొట్టులో లేదు. ధనవంతుని మాటలు మరల చదవండి: నా పంట, నా కొట్లు, నా ప్రాణము. ఆ ఉపమానములో ఇంకొక మనిషి లేడు, భార్య లేదు, పొరుగువాడు లేడు. యోసేపు కొట్టు తెరిచినప్పుడు తన్ను అమ్మివేసిన అన్నలు కూడా తిన్నారు.

మనము ఇతర రాష్ట్రాలలో స్థిరపడినవారము గనుక ఈ మాట మనకు ఇంకా దగ్గరది. మా కోలారు బంగారు గనులనే తీసుకొనండి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన తరువాత చిత్తూరు సీమ నుండి, ఇతర తెలుగు జిల్లాల నుండి, తమిళ జిల్లాల నుండి మన పెద్దలు వచ్చి భూమిలోనికి దిగారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటినది. జీవితమంతా బంగారం త్రవ్విన ఇండ్లలో బంగారం లేదు. 2001లో గనులు మూతపడినవి. కొందరి చేతికి ఒక్కసారిగా కొంత మొత్తం వచ్చినది. అంత డబ్బు ఒకేచోట ఎన్నడూ చూడని చేతులవి. కొద్ది ఏళ్ళలోనే అది పెళ్ళిళ్ళలో, బంధువుల చేబదుళ్ళలో కరిగిపోయిన ఇండ్లు నాకు తెలుసు. వారి పిల్లలు నేడు చీకటితోనే లేచి బెంగళూరు రైలెక్కి, రాత్రికి తిరిగి వస్తున్నారు. షోలాపురం మగ్గాల దగ్గరా, బొంబాయిలో 1982 సమ్మె తరువాత మిల్లులు వదలిన ఇండ్లలోనూ ఇటువంటి కథలే వినవచ్చును. స్వంత ఊరిలో ఉన్నవానికి కష్టం వస్తే మేనమామ ఉంటాడు, పెదనాన్న ఉంటాడు. పరదేశికి తన మూటే మేనమామ.

ఇక చేతికి పనికివచ్చే సంగతి చెప్పుదును. పదివేలు నూటికి అయిదు వడ్డీకి తెచ్చినవాడు నెలకు అయిదువందలు వడ్డీ కట్టాలి. సంవత్సరానికి 6,000. అయిదేండ్లకు 30,000. అప్పటికీ అసలు పదివేలు అలాగే ఉన్నది. అదే అయిదువందలు నెలనెలా పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో అయిదేండ్లు కట్టినవానికి 30,000 అసలు, దానిపై వడ్డీ కలిపి చేతికి వచ్చును. ఇద్దరి జేబులో నుండి పోయినది ఒకే అయిదువందలు. మాకు జీతం చాలదు అయ్యగారూ అని చెప్పే సహోదరుడు వడ్డీ వసూలువాడు గుమ్మంలో నిలబడితే ఆ అయిదువందలు ఎక్కడినుండో తెస్తున్నాడు గదా! వానికి ముందుగా, నీకు ఎందుకు చివరకు? అయిదువందలు కాకపోతే నూటితోనైనా ఆ ఖాతా తెరువవచ్చును.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 16:2 చూడండి. ప్రతి ఆదివారము ఎవరి వరుమానం కొలది వారు కొంత తీసి తమయొద్ద ఉంచుకొనమన్నాడు, తాను వచ్చినప్పుడు హడావిడి ఉండకూడదని. అది పరిశుద్ధుల సహాయము కొరకైన చందా, నిజమే. అయితే పద్ధతి గమనించండి. వారం వారం, కొంచెం కొంచెం, ఖర్చుకు ముందుగా. మన స్త్రీల సమాజపు తల్లులకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు. ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేసినవారు వారు. ఆ పిడికెడు వలన ఏ ఇంట్లోనూ అన్నం తక్కువ కాలేదు. అదే చేతితో ఇంకొక పిడికెడు ఇంటి కోసం తీయండి.

క్రిస్మస్ డిసెంబరులో వస్తుందని మనకు జనవరిలోనే తెలుసు. అయినా ప్రతి నవంబరులో అది దొంగవలె వచ్చినట్లు కంగారుపడి అప్పు వెదకుతాము. జనవరి నుండి నవంబరు వరకు నెలకు నాలుగువందలు వేరే డబ్బాలో వేస్తే 4,400 రూపాయలు. బట్టలు, కేకు, పిల్లలను ఒక రోజు ఎక్కడికైనా తీసుకొనిపోవుటకు చాలును. ఆ డబ్బాను ఇతర ఖర్చుకు ముట్టవద్దు. అది కూడా దేవుని ఎదుట పెట్టిన మొక్కువంటిదే. మన అనుభవము కొరకు సమస్తమును ధారాళముగా ఇచ్చేది దేవుడేనని 1 తిమోతి 6:17లో పౌలు చెప్పుచున్నాడు గనుక, పిల్లలకు ఐస్‌క్రీము కొనిచ్చి దోషిలాగా తల వంచుకొనవద్దు.

కొన్ని హెచ్చరికలు. వీధిలో ఎవరో నడిపే రిజిస్టరు కాని చీటీలో, రెట్టింపు ఇస్తామనే స్కీములలో వేయవద్దు, నడిపేవాడు మన సంఘస్థుడైనా సరే. సంఘస్థుడైతే ఇంకా అడగడానికి మొహమాటం. ఫోనులో అయిదు నిమిషాలలో అప్పు ఇచ్చే యాప్‌ల జోలికి పోవద్దు. వాటిలో కొన్ని మీ ఫోనులోని పేర్లన్నిటికీ పరువు తీసే మాటలు పంపుతాయి. బ్యాంకు ఖాతా ఉన్నవారు ప్రధానమంత్రి పేరుతో 2015లో వచ్చిన రెండు బీమాలు అడగండి: ప్రమాద బీమా సంవత్సరానికి 20 రూపాయలు, జీవన జ్యోతి 436 రూపాయలు, ఒక్కొక్కటి రెండు లక్షలకు. జీవన జ్యోతిలో చేరుటకు యాభై ఏండ్లు దాటకూడదు. మే నెలాఖరున ఖాతాలో ఆ మొత్తం లేకపోతే బీమా నిలిచిపోతుంది, జాగ్రత్త. పాసుపుస్తకము ఎక్కడున్నదో భార్యకు చెప్పండి. నామినీ పేరు వ్రాయించండి.

కాపరిగా చెప్పవలసినది ఒకటి మిగిలియున్నది, ఇది చెప్పితే కొందరికి నచ్చదు. కానుక కోసం అప్పు చేయవద్దు. టీవీలో ఎవరో విత్తనముగా వేయి పంపితే నూరంతలు వస్తుందని చెప్పితే, పిల్లవాని ఫీజు డబ్బు పంపవద్దు. 2 రాజులు 4వ అధ్యాయములో అప్పులవాడు కుమారులను తీసుకొనిపోవుటకు వచ్చిన విధవరాలికి నూనె సమృద్ధిగా దొరికిన తరువాత ఎలీషా ఏమని చెప్పాడు? నూనె అమ్మి అప్పు తీర్చుము, మిగిలినదానితో నీవును నీ పిల్లలును బ్రదుకుడి అన్న భావమే గాని, నా భాగము తెమ్మనలేదు. ఆ అద్భుతములో ప్రవక్తకు ఒక్క కుండ కూడా పోలేదు.

మొదట చెప్పిన సహోదరి సంగతి. పదివేల అప్పు తీరుటకు ఆమెకు పదునాలుగు నెలలు పట్టినది. సంఘము కొంత సర్దినది, రెండు ఇండ్లలో పనిచేసి ఆమె కొంత కట్టినది. తీరిన నెలలోనే వడ్డీకి అలవాటైన ఆ చేతితో పోస్టాఫీసులో ఖాతా తెరిచినది. ప్రక్కన ఒక పాత హార్లిక్స్ సీసా పెట్టి, మూతకు కన్నం చేసి, పిల్లలచేత దానిమీద క్రిస్మస్ అని వ్రాయించినది. మొన్న వారి ఇంటికి ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఎంత అయిందమ్మా అని అడిగాను. "చెప్పను అయ్యగారూ, డిసెంబరులో మా ఇంటికి భోజనానికి రండి" అని నవ్వినది.