పిట్టని సాక్ష్యానికి పిలిచాక

మా అద్దె ఇంటి వెనక గోడలో, పాత పైపు తీసేసిన కన్నంలో, మొన్న ఏప్రిల్‌లో పెద్ద నల్లంచి జంట గూడు పెట్టింది. ఈ పిట్ట చెట్టుని తొలవదు. తొర్రో, గోడ కన్నమో దొరికితే అందులో పుల్లలూ వేళ్లూ పరుచుకుంటుంది. వాటిని ఎక్కువగా మోసింది బూడిదరంగు ఆడపిట్టే. దాదాపు రెండు వారాలు ఒంటరిగా పొదిగిందీ అదే. నలుపూ తెలుపూ మగపిట్ట ఎదురింటి వాటర్ ట్యాంకు మీద కూర్చుని పాడేది.

"చూశావామ్మా, గూడు ఆడదాని పనే. ప్రకృతే అలా పెట్టింది" అన్నారు మా మామగారు. వేరే ఊళ్లో నాకొచ్చిన లెక్చరర్ ఉద్యోగం గురించీ, మా నాలుగేళ్ల పాప గురించీ ఇంట్లో తర్జనభర్జన పడుతున్న రోజులవి. గుడ్లు పిల్లలయ్యాక మగపిట్ట కూడా పురుగులు తేవడం చూసి, "మరి దీన్నేమంటారు మామయ్యగారూ?" అన్నాను. ఆయన నవ్వేసి పేపరు తీసుకున్నారు. గెలిచాననుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మగపిట్ట పురుగులు తేకపోయుంటే నేను ఉద్యోగానికి వెళ్లకూడదనా? 'సహజం' అనే మాటని ప్రశ్నిస్తూ ఇన్నేళ్లు వ్యాసాలు రాసిన నేనే, ఆయన పిలిచిన సాక్షినే నా వైపుకి లాక్కున్నాను. పిట్ట తన పద్ధతిని ఎంచుకోలేదు. మనం ఎంచుకుంటాం, ఎంచుకున్నదానికి జవాబు చెప్పుకోవాలి.

అలాగని పిట్టల్ని చూడటం మానక్కర్లేదు. పాట మగపిట్ట సొత్తని పక్షిశాస్త్రం చాలాకాలం నమ్మింది. 2014లో క్యారన్ ఓడమ్, నయొమీ లాంగ్‌మోర్ మొదలైనవారు సమాచారం ఉన్న 323 పాటపిట్టల జాతుల్ని పరిశీలిస్తే, 71 శాతం జాతుల్లో ఆడవి కూడా పాడతాయని తేలింది. ఆ పరిశోధన స్త్రీలు ఎలా బతకాలో చెప్పలేదు. ఎవరి గొంతు వినకుండా వదిలేశామో చెప్పింది. నేనూ అంతే, ఇన్ని రోజులూ ట్యాంకు వైపే చెవి పెట్టాను.

మర్నాడు, "పిట్టల సంగతి వదిలేద్దాం మామయ్యగారూ. నాకు వెళ్లాలని ఉంది. పాపని ఎవరెలా చూసుకోవాలో కూర్చుని మాట్లాడుకుందాం, మీ అబ్బాయితో సహా" అన్నాను. ఆ మాట అనడం కష్టమైంది. దాని వెనక ఏ పిట్టా లేదు, నేనే ఉన్నాను. చర్చ ఇంకా తెగలేదు. ఆయన మాత్రం మళ్లీ ప్రకృతి ఊసెత్తలేదు.