అదే చెక్క, అదే స్వరం



తపస్సుకాలంలో ఒక సాయంత్రం కుప్పంలో మా గాయక బృందపు యువకుడొకడు పాత గిటారు పట్టుకుని నా గదికి వచ్చాడు. "ఫాదర్, దీని మెడ వంగిపోయింది. శ్రుతి నిలవడం లేదు. బాగుచేయించే ఖర్చుకు ఇంకొంచెం కలిపితే బెంగుళూరులో కొత్తదే వస్తుంది" అన్నాడు. లెక్క ప్రకారం అతని మాట సరైనదే.

అతడు వెళ్లిన కాసేపటికి ఒక తల్లి వచ్చింది. ఆమె అనుమతితోనే ఈ మాట రాస్తున్నాను. బెంగుళూరు పనికని రైలెక్కి వెళ్లి, తాగుడులో పడి, మూడేళ్లు ఇంటి ముఖం చూడని భర్త తిరిగి వచ్చాడు. తాగుడు మానేశానంటున్నాడు. "ఇంట్లోకి రానిమ్మంటారా ఫాదర్? ఆయన లేకుండా బతకడం నేర్చుకున్నావు కదా, ఇక ఎందుకు అంటున్నారు మా అన్నదమ్ములు" అని కన్నీళ్లు పెట్టుకుంది.

ఆ రెండు ప్రశ్నలూ ఒకటేనని ఆ రాత్రి నాకు తోచింది. పాడైపోయినదాన్ని బాగుచేసుకోవాలా, పక్కన పడేయాలా?

మీకొక గిటారు కథ చెబుతాను. ఇది నిజంగా జరిగింది. 1963లో ఇంగ్లండులో బ్రయన్ మే అనే కుర్రవాడు ఎలక్ట్రిక్ గిటారు మీద మనసుపడ్డాడు. కొనే స్తోమతు లేదు. తండ్రి హెరాల్డుతో కలిసి ఇంట్లోనే చేయడం మొదలుపెట్టాడు. దాదాపు రెండేళ్లు పట్టింది. చలిమంట గూటికి బిగించిన పాత మహాగని చెక్కతో మెడ చెక్కారు. అందులో పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. పాత మోటారు సైకిలు స్ప్రింగులూ, తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలూ అందులో చేరాయి. తర్వాత 'క్వీన్' అనే సంగీత బృందంతో లోకమంతా తిరిగినప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఆ గిటారే.

ముప్పై యేళ్ల వాడకంలో అది అరిగింది, దెబ్బలు తిన్నది. 1998లో గ్రెగ్ ఫ్రయర్ అనే ఆస్ట్రేలియా పనివాడు దాన్ని బాగుచేశాడు. అంతకుముందే ఆయన దాని ప్రతి కొలతా తీసుకుని, అచ్చం అలాంటివే మూడు కొత్తవి చేసి ఉన్నాడు. అంటే కొత్తవి సిద్ధంగానే ఉన్నాయి. అయినా యజమాని పాతదాన్ని వదులుకోలేదు. పని పూర్తయ్యాక అద్దాల బీరువాలోనూ పెట్టలేదు. 2002 జూన్ 3న రాణిగారి పాలన స్వర్ణోత్సవం నాడు, లండనులో బకింగ్‌హామ్ రాజభవనం పైకప్పు మీద నిలబడి దాన్నే వాయించాడు.

ఇది మనకు తెలియని పద్ధతేమీ కాదు. వీణ మెట్లు నిలిచేది మైనం మీద. ఎండకూ వాడకానికీ ఆ మైనం జారితే స్వరాలు తప్పుతాయి. అప్పుడు పనివాడు వీణను పారేయడు. ఇరవై నాలుగు మెట్లూ తీసి, మైనం మళ్లీ వేసి, ఒక్కొక్క మెట్టునూ చెవితో విని తన చోట నిలుపుతాడు. పనస చెక్క మాత్రం అదే.

ప్రియ పాఠకులారా, జ్ఞానస్నానంలో మన ఆత్మపై పడిన ముద్రను ఏ పాపమూ చెరపలేదని శ్రీసభ బోధిస్తుంది. అందుకే తప్పిపోయి తిరిగి వచ్చినవానికి రెండోసారి జ్ఞానస్నానం ఇవ్వరు. పాపసంకీర్తనం చాలు. దేవుడు మన స్థానంలో ఇంకొకరిని తెచ్చుకోడు, మనల్నే బాగుచేస్తాడు. లూకా సువార్తలోని తండ్రి, వచ్చినవాణ్ణి కూలివానిగా చేర్చుకోలేదు. వస్త్రమూ ఉంగరమూ చెప్పులూ ఇచ్చి కొడుకు స్థానంలోనే కూర్చోబెట్టాడు.

అయితే బాగుచేయడమంటే పైపైన రంగు పూయడం కాదు. మంచి పనివాడు ముందు విప్పి చూస్తాడు, ఎక్కడ విరిగిందో దాచకుండా చెబుతాడు. ఆత్మపరిశీలన అంటే అదే. ఆ తర్వాత ఓపికగా, రోజుకు కొంచెం చొప్పున సరిచేస్తాడు. ప్రాయశ్చిత్తం అంటే అదే. గుర్తులు మిగిలిపోవచ్చు. ఉత్థాన క్రీస్తు శరీరం మీద కూడా గాయాల గుర్తులు మిగిలే ఉన్నాయి కదా!

అందుకే ఆ తల్లితో, వచ్చిన రోజే బీరువా తాళాలు భర్త చేతికి ఇవ్వమని నేననలేదు. "తలుపు మూయకమ్మా. కానీ ఆయన్ను రోజూ పనికి పోనీ, జీతం నీ చేతికి ఇవ్వనీ, పిల్లల పక్కన కూర్చుని జపమాల చెప్పనీ. శ్రుతి నిలుస్తుందో లేదో నీ చెవికే తెలుస్తుంది. మళ్లీ చెయ్యెత్తితే మాత్రం సహించవద్దు, వెంటనే నాకు చెప్పు" అన్నాను.

గిటారును కూడా బాగుచేయడానికే ఇచ్చాం.

ఇక మీకొక మాట. అలాంటివాడు మీ విచారణలోనూ ఉంటాడు. ఆదివారం ఆలస్యంగా వచ్చి వెనుక బల్ల చివర కూర్చుంటాడు. దేవుడు అతణ్ణి క్షమించాడని మనకు తెలుసు. అయినా అతని పక్కన చోటు ఖాళీగానే ఉంటుంది. మరమ్మతు చేయడం దేవుని పని, తిరిగి వాయించే చోటు ఇవ్వడం మన పని. వచ్చే ఆదివారం దివ్యబలిపూజలో, మీ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి ఆ బల్ల మీద కూర్చోండి.