పేరూ ఊరూ

ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో నేను చేస్తున్న పని ఒక్కటే, మనుషుల పేరూ ఊరూ రాసుకోవడం. బి.కాం. చదివినవాడికి సాలీళ్ళ సంగతి ఎందుకని చదువరులు అడిగితే నా దగ్గర జవాబు లేదు. మా అక్క కొడుకు జువాలజీ చదివి కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. పోయిన దసరాకు బళ్ళారి వచ్చినప్పుడు వాడు నా బల్ల మీద వదిలి వెళ్ళిన కాగితాలే ఇంతకూ కారణం.

అది 2024లో అచ్చయిన పరిశోధన వ్యాసం. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఆగ్నేయ మూలన చిరికావా కొండలున్నాయి. చుట్టూ ఎండిన నేల, మధ్యలో చల్లటి అడవులు మోస్తూ లేచిన కొండలు. అలాంటివాటిని అక్కడివాళ్ళు 'ఆకాశ ద్వీపాలు' అంటారు. పైనున్న ప్రాణి కిందికి దిగి, ఆ వేడి దాటి పక్క కొండ చేరుకోలేదు. తరతరాలు ఒంటరిగా ఉండి ఉండి చివరికి వేరే జాతే అయిపోతుంది. అక్కడ దొరికిన ఒక చిన్న టరాంటులాకు హామిల్టన్, హెండ్రిక్సన్, సిల్వెస్ట్రె బ్రింగాస్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 'ఏఫనోపెల్మా జాకోబీ' అని నామకరణం చేశారు. దాన్ని వెతికి పట్టడంలో తోడ్పడిన మైకేల్ జాకోబీ పేరది. టరాంటులా అంటే అరచేయంత ఉంటుందనుకుంటాం. దీని ఒళ్ళు 15 మిల్లీమీటర్లు, బొటనవేలి గోరంత. నలుపూ బూడిదరంగూ కలిసిన నూగు, పొట్ట మీద నిప్పులాంటి ఎర్రటి వెంట్రుకలు.

ఇవి మన ఇంటి మూలల్లో బూజు పట్టించే సాలీళ్ళ వంటివి కావు. మైగలోమార్ఫులని వేరే తెగ. వీటి కోరలు పటకారులా పక్కల నుంచి కలుసుకోవు, గొడ్డళ్ళలా పైనుంచి కిందికి దిగుతాయి. చాలావాటికి బొరియే లోకం. మగవి ఈడు రాగానే జోడీని వెతుకుతూ బయలుదేరి తొందరగా చచ్చిపోతాయి. ఆడవి ఏళ్ళ తరబడి ఉన్నచోటనే ఉంటాయి. ఆస్ట్రేలియాలో బార్బరా యార్క్ మెయిన్ అనే ఆవిడ 1974లో ఒక సాలీడు బొరియ పక్కన గుర్తు పాతి '16' అని నంబరు ఇచ్చింది. అది 43 ఏళ్ళు అదే బొరియలో కాపురముండి 2016లో పోయింది. నా ఖాతాదారుల్లో కూడా అంతకాలం అడ్రసు మార్చనివాళ్ళు తక్కువ.

ఇల్లు మారనిదాన్ని ఎత్తుకుపోవడం తేలిక. పరిశోధకులు తమ వ్యాసంలో దీనికున్న ముప్పులు కూడా చెప్పారు. వేడి పెరిగితే కొండ మీద ఇంకా పైకి జరగాలి, కొండకు చివరంటూ ఉంది. ఇళ్ళు అడవిలోకి వస్తున్నాయి. ఆపైన పెంపుడు జంతువుల వ్యాపారం. అరుదైనదీ, రంగున్నదీ అయితే కొనేవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు. నన్ను ఆపింది ఇదే. అమ్మేవాడికి కూడా పేరు కావాలి గదా. పేరు లేనిది వట్టి పురుగు, పేరు పెట్టినది సరుకు.

చైనాలో ఒక బల్లికి ఇలాగే అయింది. 1999లో ఒక కొత్త బల్లి జాతి వివరాలు చోటుతో సహా ప్రచురిస్తే, వేటగాళ్ళు ఆ వ్యాసమే దారి చూపగా వెళ్ళి ఊడ్చుకొచ్చారు. అదే కుటుంబంలోని మరో రెండు జాతులను 2015లో వర్ణించినవాళ్ళు దొరికిన చోటు అచ్చులో చెప్పలేదు. అధికారులకు తెలియజేస్తాం, సాటి శాస్త్రజ్ఞులు అడిగితే ఇస్తాం అన్నారు.

నాకు ఒక ముసలమ్మ గుర్తొచ్చింది. పాతికేళ్ళ కిందటి మాట. కొత్తగా ఆఫీసరునై ఒక పల్లెటూరి బ్రాంచిలో ఉన్నాను. ఆమె పొలం అమ్మిన డబ్బు కొంగున మూటకట్టుకుని వచ్చి డిపాజిట్టు వేసింది. రసీదు మడిచి సంచిలో పెట్టుకుంటూ "ఎవరికీ చెప్పొద్దు నాయనా" అంది. నెల తర్వాత ఆమె మరిది కొడుకు కౌంటరు దగ్గర చలానా నింపుతూ, మాటల్లో మాటగా "మా పెద్దమ్మ డబ్బు మీ దగ్గర భద్రమే గదా సార్" అన్నాడు. "దిగులు పడకండి" అన్నాను. అంతే. అంకె చెప్పలేదు, గడువు చెప్పలేదు. మూడు నెలలకు ఆమె గడువు తీరకముందే డిపాజిట్టు తీసేసుకుంది. పక్కన అతనున్నాడు. వేలిముద్ర వేస్తూ ఆమె నన్నేమీ అనలేదు, నా వంక చూడలేదు.

ఆమె పేరు పద్దులోకి ఎక్కించడం తప్పు కాదని ఇప్పటికీ అంటాను. ట్రంకుపెట్టెలోంచి పోయి ఉంటే అడిగే దిక్కే ఉండేది కాదు. తప్పు పద్దుది కాదు, నా నోటిది.

సాలీడు విషయంలోనూ పద్దు లేకుండా కుదరదు. 2016లో ఈ పరిశోధకుల్లో ఇద్దరు మరొకరితో కలిసి అమెరికాలోని ఆ ప్రజాతి అంతటినీ తనిఖీ చేశారు. యాభైకి పైగా పాత పేర్లుంటే, చాలావాటిని ఒకే జాతికి రెండు మూడు పేర్లని తేల్చి కొట్టేసి, 14 కొత్తవి చేర్చి, మొత్తం 29 జాతులని లెక్క కట్టారు. ఇది నాకు బాగా అర్థమైంది. ఒకే మనిషికి నాలుగు ఖాతాలుంటే అప్పు ఎంతో తేలదు. ఎన్ని జాతులున్నాయో తెలియకపోతే ఏది పోతున్నదో కూడా తెలియదు.

మింగుడు పడనిది ఇంకొకటి. జాతిని వర్ణించాలంటే కొన్నిటిని చంపి సారాయిలో వేసి మ్యూజియంలో పెట్టాలి. ఇక ముందు ఆ పేరు దేనిదని తగవు వస్తే ఆ సీసాయే సాక్ష్యం. మా దగ్గర పెన్షనర్లు నవంబరులో వచ్చి బతికే ఉన్నామని సర్టిఫికెట్టు ఇస్తారు. ఇక్కడ చచ్చి ఇవ్వాలి. కొన్ని పోయినా జాతి నిలుస్తుందంటారు. నిజమే కావచ్చు. ఆ కొన్నిటిని ఎవరూ అడగలేదన్నది కూడా నిజమే.

మనకు దగ్గరి కథ గుత్తి సాలీడుది. 1899లో పోకాక్ అనే ఆంగ్లేయుడు గుత్తి రైల్వే కలపడిపోలో దొరికిన ఒక్క నమూనా చూసి దాన్ని వర్ణించాడు. మెరిసే నీలిరంగు, చెట్టు తొర్రల్లో ఉండేది. కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుంది. 2001లో గాని దాని అసలు చోటు బయటపడలేదు. అది గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల దూరాన, నంద్యాల గిద్దలూరు మధ్య అడవి. అయినా లోకానికి అది గుత్తిదే. రైలు దిగిన ఊరే ఇంటిపేరైనవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఆంధ్రలో నన్ను బళ్ళారివాడంటారు, బళ్ళారిలో ఆంధ్రవాడంటారు.

ఆ తప్పు అడ్రసు వందేళ్ళు దాన్ని కాపాడిందని చెప్పాలని మొదట అనిపించింది. అది సగమే. వేటగాళ్ళ నుంచి కాపాడి ఉండవచ్చు, గొడ్డలి నుంచి కాపాడలేదు. 2008లో అది తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరేనాటికి దాని అడవి చాలా చెడిపోయింది. ఇప్పుడు విదేశాల్లో గాజుపెట్టెల్లో పుట్టి పెరుగుతున్నది. 2019లో దాని ప్రజాతి మొత్తాన్నీ అంతర్జాతీయ వ్యాపారం మీద అదుపు పెట్టే ఒప్పందంలో చేర్చారు. ఆ చేర్చడానికైనా పేరు ఉండాల్సి వచ్చింది.

అందుచేత పేరు దాచడాన్ని నేను ఒప్పుకోను. ఊరు దాచడంలోనే చిక్కు. అందరికీ చెబితే దొంగ వస్తాడు. ఎవరికీ చెప్పకపోతే రేపు అక్కడ గని తవ్వుతామని వచ్చినవాణ్ణి ఏమని ఆపుతాం? 'ఇక్కడ ఇది ఉంది' అని వేలు పెట్టి చూపించాలి గదా. మ్యూజియంవాళ్ళు అడ్రసు తాళం వేసుకుని, తగినవాళ్ళకే ఇవ్వడం నాకు సబబుగా తోస్తుంది. తగినవాడెవడో తేల్చడం మాత్రం కష్టం. ఆ మరిది కొడుకు కూడా కౌంటరు ముందు చాలా తగినవాడిలాగే కనిపించాడు.

సంక్రాంతికి మా మేనల్లుడు మళ్ళీ వచ్చాడు. సండూరు వైపు ఒక కొండ మీద, మూత ఉన్న బొరియలు కొన్ని చూశాడట. ఏ జాతో ఇంకా తెలియదు. ఆ కొండల్లో ఇనుప ఖనిజం తవ్వకం సంగతి మనకు తెలిసిందే. "చోటు రాయాలా వద్దా మామయ్యా" అని అడిగాడు. అటవీ శాఖవాళ్ళకు ఇచ్చేదానిలో పూర్తిగా రాయమన్నాను, కాలేజీ పత్రికకు ఇచ్చేదానిలో వద్దన్నాను. రెండు కాపీలు టైపు చేసి, ఒకటి నన్ను సరిచూడమని ఇచ్చాడు. అందులో చోటు దగ్గర ఖాళీ ఉంది. ఏ కొండ అని నేను అడగలేదు.