నూనె గిన్నెలో దేవుడు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం... షిఫ్టు ముగిసి కంపెనీ గేటు దాటేవాళ్లలో నిలబడి నిలబడి నడుము పట్టేసినవాళ్లుంటారు, బరువులెత్తి భుజాలు బిగుసుకుపోయినవాళ్లుంటారు. క్షౌరశాల కుర్చీలో కూర్చుని ఓ పది నిమిషాలు తల, మెడ పట్టించుకుంటే వాళ్లకు ప్రాణం లేచొస్తుంది. మరి ఆ హాయినిచ్చిన చేతికి మనమిచ్చే చోటు ఎక్కడ? ఇది వైద్యులు తేల్చే ప్రశ్న కాదు. ధర్మం తేల్చాల్సింది.

ఇదే సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ దాటి సరిహద్దు అవతలికి వెళ్తే బీదర్. విఠలుణ్ని కొలిచే వార్కరీ సంప్రదాయ భక్తుడు సేనా మహారాజ్ వృత్తిరీత్యా క్షురకుడు. కొన్ని పరంపరలు ఆయన్ను బీదర్ పాలకుడి కొలువులో చూపిస్తే, మరికొన్ని బాంధవ్‌గఢ్‌కు చెందినవాడంటాయి. 18వ శతాబ్దంలో మహీపతి మరాఠీలో రాసిన ‘భక్తవిజయం’లో ఆయన కథ ఉంది. రాజు కబురు పెట్టినా సేనా పూజ వదిలి కదల్లేదు. అప్పుడు విఠలుడే సేనా రూపంలో కత్తి, అద్దం, నూనె గిన్నె పట్టుకుని కొలువుకు వెళ్లాడు. క్షవరం చేశాడు, నూనె పట్టించాడు. గిన్నెలోకి చూసిన రాజుకు దైవరూపం కనిపించింది.

భక్తుణ్ని కాపాడాలంటే దేవుడికి వెయ్యి దారులు. ఈ కథలో ఆయన ఎంచుకున్నది ఒంటికి నూనె రాసే పని. సేనాను ఆ వృత్తి నుంచి తప్పించలేదు, తానే ఆ వృత్తిలోకి దిగాడు. సిక్కుల గురు గ్రంథ సాహిబ్‌లోనూ సైణ్ భగత్‌గా పిలిచే ఈ సేనా పేరిట ఒక పదం ఉంది.

భక్తి ఇంత దూరం వెళ్లినా ఊరు వెళ్లలేదు. పెళ్లికీ పురుడుకూ చావుకూ క్షురకుడు కావాలి, పంక్తిలో మాత్రం పక్కన కూర్చోకూడదు. తాకితే మైల అన్న వాదం ఇక్కడే తడబడుతుంది. తాకడం ఒకరి పనే కాదు; తాకిన చేతికి ఎంత తగులుతుందో ఒంటికీ అంతే తగులుతుంది. చరక సంహిత సూత్రస్థానం ఇంకా ముందుకెళ్లి, స్పర్శ ఒక్కటే ఇంద్రియాలన్నిటా వ్యాపించి, మనసుతో విడదీయరానిదై ఉంటుందంటుంది. అలాంటప్పుడు నూనె పట్టించుకున్నవాడు శుద్ధుడు, పట్టించినవాడు తక్కువవాడు ఎలా అవుతారు?

మర్దన నేర్చుకునేవారికి మొదటి పాఠం కూడా ఇదే. చేయి చెప్పడం కాదు, వినడం నేర్చుకోవాలి. గోరువెచ్చని నూనె రాసి, అరచేయి మొత్తం ఆనేలా నిమరడంతో మొదలుపెట్టాలి. కాళ్లూ చేతుల మీద ఒత్తిడి గుండె వైపు సాగాలి. తర్వాత కండను పట్టి పిసకడం, కీళ్ల చుట్టూ వేళ్లతో గుండ్రంగా రుద్దడం, చివర్లో దోసిలి చేతులతో తట్టడం. బలం బొటనవేలి నుంచి కాదు, ఒళ్లు ముందుకు వంచడంలోంచి రావాలి. లేకుంటే పట్టేవాడి వేళ్లే ముందు పాడవుతాయి. వెన్నెముక మీద నేరుగా నొక్కకూడదు. అవతలి మనిషి ఊపిరి బిగబట్టాడంటే ఒత్తిడి ఎక్కువైనట్టే.

ఎప్పుడు వద్దో తెలియడమూ విద్యలో భాగమే. అజీర్ణంతో ఉన్నవారికి అభ్యంగనం కూడదని వాగ్భటుడి అష్టాంగ హృదయం చెబుతుంది. జ్వరం, ఎముక విరగడం, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం ఉంటే చేయి వేయకూడదని నేటి వైద్యం అంటుంది. రాజు కళ్లు మూసుకుని మెడ అప్పగించేది ఈ తెలివినే నమ్మి. ఆ కాసేపు యజమాని ఎవరో, సేవకుడు ఎవరో చెప్పడం కష్టం.

తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి క్షౌరశాలలకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇస్తోంది. అది దుకాణానికి ఆసరా. చేతికి దక్కాల్సిన గౌరవం బిల్లు మాఫీతో తీరేది కాదు, అది కుర్చీలో కూర్చునేవాళ్లు చెల్లించాలి. కాబట్టి ఈసారి కటింగ్‌తో పాటు తల పట్టించుకుంటే దాన్ని కొసరుగా లెక్కేయకండి. విడిగా డబ్బులివ్వండి, ‘మీరు’ అని పిలవండి.