ఈ ఫైలు ఎవరిది?

ఇది అదే, వీడు వాడే అని మనం దేన్ని చూసి తేలుస్తాం? పేరునా, అంకెనా, రూపాన్నా? మన దర్శనాలు తరతరాలుగా తర్కించిన ఈ ప్రశ్న హైదరాబాద్‌లోని కొత్తగూడ, కొండాపూర్ ఆఫీసుల్లో రోజువారీ పనిగా ఎదురవుతూ ఉంటుంది. డెవలపర్ ముందు మ్యాక్ ఉంటుంది, వెనక లినక్స్ సర్వర్, బ్యాకప్‌కు ఫ్రీబీఎస్‌డీ మీద నడిచే స్టోరేజ్. మూడూ యూనిక్స్ సంప్రదాయానివే. వాటి మధ్య ఫోల్డర్లు పంచుకోవడానికి సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఫోల్డర్ మౌంట్ అవుతుంది, ఫైళ్లు వరసగా కనిపిస్తాయి, డెవలపర్ తన ఫైలు తానే తెరవబోతే ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. నెట్‌వర్క్ బాగానే ఉంది, డిస్కూ బాగానే ఉంది. చెడింది గుర్తింపు. ఆ గుర్తింపు వస్తువులో దాగి ఉండేది కాదని, ఇరుపక్షాల ఒప్పందంలో మాత్రమే నిలుస్తుందని ఈ చిక్కును విడదీసి చూస్తే తెలుస్తుంది.

ముందు అంకె సంగతి. మ్యాక్‌లో తొలి యూజర్‌కు దక్కే గుర్తింపు అంకె, అంటే యూఐడీ, 501. చాలా లినక్స్‌లలో అది 1000, ఫ్రీబీఎస్‌డీలో 1001. ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్ దాకా సర్వర్‌కు చేరేది ఈ అంకే. పేరు అసలు ప్రయాణం చేయదు. మ్యాక్ నుంచి రాసిన ఫైలు లినక్స్ సర్వర్‌లో 501 సొత్తు అవుతుంది. ఆ అంకె అక్కడ ఎవరికీ లేకపోతే యజమాని చోట వట్టి అంకె కనిపిస్తుంది, ఇంకొకరికి ఉంటే ఫైలు వాళ్లదైపోతుంది. రెండు లినక్స్ ల్యాప్‌టాప్‌ల తొలి యూజర్లు ఇద్దరూ 1000 అయితే, సర్వర్ దృష్టిలో ఇద్దరూ ఒకే మనిషి. అంకె మోసం చేసింది కనుక పేరును నమ్ముదామని 2000లో వచ్చిన నాలుగో వెర్షన్ యజమానిని పేరు, డొమైన్ కలిపి చెప్పే పద్ధతి తెచ్చింది. డొమైన్ రెండువైపులా ఒకటిగా లేకపోతే యజమాని చోట ‘నోబడీ’ అని రావచ్చు. విచిత్రమేమిటంటే, ‘సిస్’ అనే మామూలు పద్ధతిలో అనుమతి అడిగేటప్పుడు ఇంకా అంకే వెళుతుంది. అందువల్ల నోబడీ అని కనిపిస్తున్న ఫైలులో కూడా అసలు యజమాని ఇబ్బంది లేకుండా రాయగలడు. చూపుకు ఒక యజమాని, అధికారానికి ఇంకొక యజమాని.

పేరులోనైనా నిలకడ ఉందా అంటే, తెలుగు లిపే సాక్ష్యం చెబుతుంది. ‘హైదరాబాద్’ అని ఒక ఫైలుకు పేరు పెట్టామనుకోండి. అందులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం ఒకటి, దానికింద చేరే గుర్తు ఒకటి, ఇలా రెండుగా విడదీసీ రాయవచ్చు. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి భద్రపరుస్తుంది. మామూలు లినక్స్ ఫైల్ సిస్టమ్ బైట్లను మాత్రమే పోలుస్తుంది, అక్షరాల జోలికి పోదు. దాంతో ఒకే ఫోల్డర్‌లో రెండు ‘హైదరాబాద్’లు పక్కపక్కన కూర్చోగలవు. కంటికి తేడా లేదు, చదివితే తేడా లేదు, సర్వర్‌కు మాత్రం అవి వేర్వేరు. మ్యాక్‌లో మౌంట్ చేసేటప్పుడు ‘ఎన్‌ఎఫ్‌సీ’ అనే ఆప్షన్ ఇస్తే పేర్లను కలిపిన రూపంలో పంపుతుంది. అంటే అక్కడా చివరికి మందు ఒప్పందమే.

దీనికి అద్వైతి ఒక ఆక్షేపణ తెస్తాడు. ‘ఈయనే ఆ దేవదత్తుడు’ అన్నప్పుడు అప్పటి ఊరు, ఇప్పటి ఊరు వదిలేసి మనిషిని పట్టుకుంటాం కదా, అలాగే పేరు, అంకె అనే ఉపాధులు తీసేస్తే డిస్కు మీది ఫైలు ఒక్కటే మిగలదా? మిగులుతుంది. కానీ మనం అడిగింది ఫైలు ఉందా అని కాదు, ఎవరిదని. ఉపాధులు తీసేశాక ‘నాది’ అనే మాటే నిలవదు. మనుషులు చేసిన యంత్రాన్ని చూసి తత్త్వం తేల్చవచ్చా అనేది రెండో ఆక్షేపణ. ఆత్మ గురించి తేల్చలేం, ఒప్పుకుంటాను. అయితే సంప్రదాయం నాగార్జునకొండతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు వ్యవహార సత్యాన్ని, పరమార్థ సత్యాన్ని విడదీసి, మొదటిదాన్ని ఆశ్రయించకుండా రెండోదాన్ని బోధించలేమన్నాడు. నా వాదన ఆ మొదటి సత్యం వరకే. ఒప్పందం అన్నంత మాత్రాన అది ఇష్టారాజ్యమూ కాదు. కుదిరితే ఫైలు తెరుచుకుంటుంది, కుదరకపోతే తెరుచుకోదు. పని జరిపించగలగడమే వాస్తవానికి గీటురాయి అన్న బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి పరీక్షకు అది నిలుస్తుంది.

మూడో ఆక్షేపణ బలమైనది. క్లయింట్ చెప్పిన అంకెను సర్వర్ గుడ్డిగా నమ్మడం వల్లే కదా ఈ తంటా, కెర్బెరోస్ అనే టికెట్ పద్ధతి పెట్టి రుజువు అడిగితే అసలు గుర్తింపు తేలదా? నిజమే, తన ల్యాప్‌టాప్‌లో రూట్ అయినవాడు ఏ యూఐడీ కావాలంటే అది పెట్టుకుని రాగలడు. అందుకే రూట్ స్క్వాష్ అనే సర్వర్ ఏర్పాటు రూట్‌కు ఉండే సున్నా అంకెను మాత్రం ఒప్పుకోక నోబడీగా మార్చేస్తుంది. కెర్బెరోస్ ఇంతకన్నా ఎంతో గట్టిది. కానీ అదీ నమ్మకాన్ని రద్దు చేయలేదు, మూడోవాడి చేతికి అప్పగించింది. టికెట్ ఇచ్చే సర్వర్‌ను ఇరుపక్షాలూ నమ్మాలి, గడియారాలు కూడా కలవాలి. మామూలుగా అయిదు నిమిషాలకు మించి తేడా వస్తే టికెట్ చెల్లదు. న్యాయ దర్శనం వారైన నైయాయికులు ఆప్తుడి, అంటే నమ్మదగినవాడి, మాటను ప్రమాణమన్నారు, ఎవరి మాట పడితే వారి మాటను కాదు. కెర్బెరోస్ చేసింది ఆప్తుణ్ణి జాగ్రత్తగా ఎంచుకోవడమే.

గుర్తింపు ఒప్పందమే అయితే, అది చెడినచోట దాన్ని సరిచేయడం మన బాధ్యత. విసుగెత్తి, అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే ‘సీహెచ్‌మాడ్ 777’ కొట్టేవాళ్లు ఆ బాధ్యతను తప్పించుకుంటున్నారు. ఫైలు అందరిదీ అయిపోతుంది, ఎవరిదన్న ప్రశ్నకు అర్థం లేకుండా పోతుంది. ఈసారి ‘పర్మిషన్ డినైడ్’ కనిపిస్తే అవతలి సిస్టమ్‌ను తిట్టకండి. రెండు చోట్లా ‘ఐడీ’ కమాండ్ కొట్టి అంకెలు పోల్చండి, నాలుగో వెర్షన్ అయితే డొమైన్ ఒకటేనా చూడండి, కెర్బెరోస్ ఉంటే గడియారాలు సరిచూడండి. అనుమతులు మార్చే ఆలోచన ఆ తర్వాతే.